వయోజన విద్యలో మాటల ఆటలు

పూర్వము మన వీథిబడులలో చదువు వ్రేలితో ఆరంభమయ్యెడిది. మొదటినాడు పళ్ళెరములో పరచిన బియ్యముపైనను, పిమ్మట పెక్కునాళ్ళు నేలపై పోసిన ఇసుకలోను గురువు పిల్లవాని చూపుడువ్రేలు పట్టుకొని అక్షరములు దిద్దించెడివాడు. తప్పు పోయినచో అరచేతితో ఒకసారి రాచిన చాలును. ఇసుక మరల పలక యగును. కాగితమును కలమును చేతికి వచ్చుట చాలకాలము పిమ్మటి మాట. 1907లో రోము నగరమున మరియా మాంటిసోరి యను విదుషి పసిపిల్లల పాఠశాల తెరచి, గరుకుకాగితముతో కత్తిరించిన అక్షరములపై వ్రేళ్ళు పోనిచ్చి చదువు నేర్పగా ప్రపంచమెల్ల మెచ్చుకొనెను. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. మన ఇసుకబడి పంతులును మాత్రము ఎవ్వరును మెచ్చుకొనలేదు. ఇంటికింత ధాన్యము, దసరాకు కొంత సంభావన, అంతతో సరి.

అక్షరము వచ్చిన వెనుక పదము. పదసంపదకు మనవారు పట్టిన దారి నోటిదారి. అమరసింహుని నామలింగానుశాసనము మూడు కాండములను తెల్లవారుజామున వల్లించిన బాలునకు అర్థము తెలిసినను తెలియకున్నను, ఒక్కొక్క వస్తువునకు పది పేర్లు నాలుకపై నిలిచెడివి. తెలుగు మాటలకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము అట్టిదే. దేవతల పేర్లొక వర్గు, మనుష్యుల పేర్లొక వర్గు, చెట్టుచేమ లొక వర్గు, పశుపక్ష్యాదు లొక వర్గు, అన్నియు పద్యములు. ఇక పెద్ద పండితులకు మాటలతోడి ఆట అవధానము. పొంతనలేని నాలుగు మాటలను పృచ్ఛకుడు విసరును. అవధాని వానిని నాలుగు పాదములలో నిమిడ్చి పద్యము చెప్పును. దీనికే దత్తపది యని పేరు.

ఇవన్నియు చదువుకొన్నవారి ఆటలు. కళ్ళములో పంటకు కాపలా పరుండిన రైతుకును, తిరుగలి ముందు కూర్చున్న ఇల్లాలికిని వేరు ఆట కలదు. అది పొడుపుకథ. కవ్వమును, తేలును, ఉల్లిగడ్డను పేరు చెప్పక వర్ణించి, ఎదుటివారిచే పేరు చెప్పించుట. ఇందు ఓడినవారు నవ్వుదురేగాని సిగ్గుపడరు. చదువురాని మనుష్యుడు మాటల పేదవాడు కాడని దీనివలన తెలియుచున్నది. నాగలి పట్టిన చేతికి కాడి, మేడి, కర్రు, పలుపు, ములుగోల మొదలైన పేర్లన్నియు తెలియును. భూమిలో రేగడి యేదో, చౌడు ఏదో, గరప యేదో పట్టణపు పట్టభద్రునకు తెలియదు గాని అతనికి తెలియును. అతనికి లేనిది ఆ మాటకు కాగితముపై నుండు రూపము. ఆ ఒక్క లోపమువలన ప్రోనోటుపై ఎంత వ్రాసిరో చదువలేక వేలిముద్ర వేసెను. శిస్తు రశీదు ఏ సంవత్సరముదో తెలియక గూటిలో దాచెను. 1951 జనాభా లెక్కలనాటికి ఈ దేశమున చదువ వ్రాయ నేర్చినవారు నూటికి 18.33 మంది మాత్రమే. ఏ గ్రామ దప్తరము విప్పినను సంతకములకన్న నీలిరంగు వేలిముద్రలే హెచ్చుగా కానవచ్చుటకు కారణమిదే.

ఇట్టివారికి చదువు నేర్పబూనిన వారు మొదట చేసిన పొరపాటు ఒక్కటే. పిల్లల వాచకమును తెచ్చి పెద్దల చేతిలో పెట్టిరి.

ఈ విషయమున రష్యా దేశపు కథ యొకటి వినదగినది. విప్లవానంతరము 1919 డిసెంబరు 26వ తేదీన అచటి ప్రభుత్వము 8 మొదలు 50 యేండ్ల వయస్సువా రందరును చదువ వ్రాయ నేర్చుకొనవలెనని శాసించెను. దోరా యెల్కినా యను ఉపాధ్యాయురాలు ఎర్రసేన సైనికులకు చదువు చెప్పుచుండెను. పాత వాచకమున ఒక చిన్నపిల్ల జావ తినుటను గూర్చిన వాక్యము కలదట. ఆమె దానిని నల్లబల్లపై వ్రాయగా, ఇంటిని వదలి తుపాకులు మోయుచున్న ఆ మగవారు పగులబడి నవ్విరనియు, ఆ పిల్లయు ఆ జావయు తమకెక్కడివని పరిహాసమాడిరనియు చెప్పుదురు. అంతట ఆమె వారి బ్రతుకులోని మాటలనే యేరుకొనెను. మేము, కాము, బానిసలు అను అర్థముగల మూడే మూడు రష్యను పదములతో ఒక వాక్యము కూర్చి, ఆ మూడింటినే తారుమారు చేసి రెండవ వాక్యము చేసెను. పదముల స్థానము మారిన కొలదియు పాఠము క్రొత్తదగుచుండెను. నేర్చువానికి ఆటగా నుండెను. అర్థము మాత్రము ఆటకాదు. ఆ పాఠముతో వెలువడిన వాచకము ఆ దేశమున మిక్కిలి ప్రసిద్ధి గాంచెను.

1930 ప్రాంతమున ఫిలిప్పైను దీవులలోని లనావో సీమలో ఫ్రాంక్ లౌబాక్ అను అమెరికా మతాచార్యుడు మరియొక యుక్తి కనిపెట్టెను. అచటి ముస్లిము ప్రజలు మాటలాడు మరనావో భాషలో హల్లులు కొలదిగనే యున్నవి. వాని నన్నిటిని మూడు మాటలలో ఇమిడ్చెను. మలబంగ యనునది ఒక ఊరిపేరు. కరతస యనగా కాగితము. పగనద యనగా నేర్చుకొనుట. ఈ మూడు మాటల ముక్కలను విడదీసి కలుపుచుండగా క్రొత్త మాటలు పుట్టుచుండెను. బొమ్మను చూచినంతనే అక్షరము స్ఫురించునట్లు పటములను కూడ సిద్ధము చేసెను. ఆర్థికమాంద్యమువలన ధనము నిలిచిపోయి ఉపాధ్యాయులకు జీతములు లేకపోగా, నేర్చిన ప్రతివాడును మరియొకనికి నేర్పి తీరవలెనని ఆ సీమ పెద్ద యొకడు కట్టడి చేసెను. నేర్పనివానిని చంపెదనని కూడ అతడు బెదరించినట్లు లౌబాకే వ్రాసికొనెను. విద్యాదానమునకు ఇంతటి శిక్షాస్మృతి మన ధర్మశాస్త్రములలో కానరాదు!

ఆ లౌబాక్ 1935లో భారతదేశమునకు వచ్చెను. అదే సంవత్సరమున కృష్ణా కాలువలపై పెదపాలెము గ్రంథాలయ సేవకులు పడవలో పుస్తకములు వేసికొని ఊరూర నిలుపుచు చదువరుల కందించిరి. ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును పుట్టుకనుండియు పొత్తు కలదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఈ రెండింటికొరకును సమానముగ పాటుపడిరి. పత్రికను ఒకరు బిగ్గరగా చదువ పదిమంది వినుట ఆనాటి పఠనమందిరముల ఆచారము. విని విని, తామే చదువవలెనను కోరిక కొందరికి అచటనే కలిగెను. రాత్రిబడులకు బీజ మిట్లు పడినది.

ఇంతకన్న లోతుగా ఈ విషయమును పరిశీలించినవాడు బ్రెజిలు దేశపు పౌలో ఫ్రేరి. ఇతడు 1921లో రెసీఫె నగరమున జన్మించెను. ఆ దేశమున 1985 వరకును చదువ వ్రాయ నేర్వనివారికి ఓటుహక్కు లేదు. మన దేశమున 1950 రాజ్యాంగము వేలిముద్ర వేయువానికిని పట్టభద్రునికిని ఒక్కటే ఓటు నిచ్చెను. 1951-52 ఎన్నికలలో కాడి జోడెడ్లును, గుడిసెయు, కంకికొడవలియు అంటించిన పెట్టెలలో చదువురానివారును తమ ఇచ్చవచ్చిన దానిలో ఓటు వేసిరి. బ్రెజిలు కూలివానికి ఆ భాగ్యము లేకుండెను. అక్షరము రానిచో అతడు లెక్కలోని మనిషి కాడు. కావున ఫ్రేరి చెప్పిన చదువు కేవలము చదువు కాదు.

1963లో ఆ దేశపు ఈశాన్యమున ఆంజికోస్ అను ఎండకరవు ఊరిలో సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటలలో చదువ వ్రాయ నేర్పిరి. దానిని బడియనలేదు, సంస్కృతి వలయమనిరి. గుండ్రముగ కూర్చుండుటయే ఏర్పాటు. ముందుగా ఆ ప్రాంతపు జనుల నోట ఏయే మాటలు ఆడుచున్నవో విని వ్రాసికొని, వానిలో కొన్నింటిని ఏరుదురు. తిజోలో యనునది అట్టి మాటలలో నొకటి. ఆ మాటకు ఇటుక యని అర్థము. మొదట ఇటుకలతో ఇల్లు కట్టుచున్న బొమ్మ చూపుదురు. కట్టువాడెవడు, కాపురముండువాడెవడు అని మాటలు సాగును. పిమ్మట బొమ్మక్రింద ఆ పదమును, ఆ వెనుక బొమ్మ తీసివేసి పదమును మాత్రము చూపుదురు. తరువాత తి, జో, లో అని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు దాని కుటుంబమును ప్రక్కన వ్రాయుదురు: త తె తి తో తు, జ జె జి జో జు, ల లె లి లో లు. ఈ పట్టికకు వారు పెట్టిన పేరు కనుగొను పత్రము. ఇక గురువు మాటాడడు. నేర్చువారే ముక్కలను కలిపి మాటలు కనుగొనవలెను. ఒకడు లత యనును. వారి భాషలో అది రేకుడబ్బా. ఒకడు లోజ యనును, దుకాణము. ఇంకొకడు లుత యనును, పోరాటము. ఒక్క ఇటుకలోనుండి దుకాణమును పోరాటమును పుట్టుట చూచి అచటి భూస్వాములు కొందరు కలతపడిరనుటలో వింత లేదు.

ఆంజికోస్ చివరి పాఠమునకు ఆ దేశాధ్యక్షుడు జువావొ గులార్త్ స్వయముగ వచ్చెను. మరుసటి సంవత్సరము దేశమంతటను ఇట్టి వలయములు నెలకొల్పుటకు పథకము సిద్ధమగుచుండగా, 1964 ఏప్రిలులో సైన్యము అధికారము నాక్రమించి, పథకమును రద్దుచేసి ఫ్రేరిని చెరసాలలో నుంచెను. అతడు పిమ్మట బొలీవియాకును చిలీకిని ప్రవాసము వెళ్ళి, 1980లో గాని స్వదేశమున స్థిరపడలేదు. మాటల ఆట నేర్పినందులకు పదునారేండ్ల వనవాసము; రామునికంటె రెండేండ్లు హెచ్చు.

ఫ్రేరి కష్టపడి వ్రాసిన ఆ కుటుంబ పట్టిక తెలుగువారికి క్రొత్త కాదు. అది మన గుణింతమే. మన వాచకములు దానిని వల్లెవేయించుటకు వాడినవి. అతడు మాటలు పుట్టించుటకు వాడెను. తెలుగున ఈ ఆట ఎట్లు పొసగునో చూడుడు. వడ్రంగికి తెలిసిన కలప యను మాటను మూడు అట్టముక్కలపై వ్రాసి విడదీసినచో పలక వచ్చును, కల వచ్చును. త, వ, మ అను మూడు ముక్కలు చేర్చినచో తల, వల, కవల, కమల వచ్చును. గుణింతము చేర్చినచో ఇంక అంతు లేదు. తలుపు అను మాటలో నడుమ కొమ్ము తీసివేసిన తలపు అగును. ఒక్క కొమ్ముతో ఇంటి తలుపు మనసులోని తలపు అగుట చూచిన పెద్దవానికి కొమ్ము ఏల వ్రాయవలెనో మరల చెప్పనక్కరలేదు. అట్లే ప్పు అను ముక్కను నేలపై నుంచి, దాని ముందు ఒక్కొక్క అక్షరమును మార్చుచు పోయినచో ఉప్పు, పప్పు, నిప్పు, అప్పు, తప్పు, ముప్పు వరుసగ వచ్చును. అప్పు, ముప్పు ప్రక్కప్రక్కన చేరినప్పుడు వలయములో ఎవరో ఒకరు నిట్టూర్చక మానరు. అచట పాఠము ఆగి మాటలు సాగును. ఆగనిచ్చుటయే మంచి బోధకుని లక్షణము.

సంత ఆట మరియొకటి. చాటలలో ఉప్పు, చింతపండు, బెల్లము, మిరపకాయలు పోసి కొందరిని వర్తకులుగా కూర్చుండబెట్టుదురు. కొనువాడు నోరు విప్పరాదు. కావలసిన సరకు పేరు వ్రాసిన చీటీ ఏరి ఇయ్యవలెను. బెల్లమునకు మారుగా మిరపకాయలు వచ్చినవాడు ఆ రెండు మాటల రూపమును ఈ జన్మమున మరువడు. ఈ ఆటలో రూపాయ ఖర్చు లేదు, సరకు మరల ఇంటికే పోవును. ముగ్గు పెట్టు స్త్రీలకు మరియొక సౌకర్యము కలదు. తెలుగు లిపి గుండ్రనిది. చుక్కల నడుమ వంపులు త్రిప్పు వ్రేళ్ళకు ర, ఠ, స వ్రాయుట కష్టము కాదు. నాగలి పట్టి కాయలు కాచిన చేతికి పెన్సిలు నిలుచుటయే కష్టము. అందుచే మగవారిలో కొందరు మొదటి వారముననే బడి మానుట కలదు. వారికి ఇసుకయే మేలు. ఇసుకలో ముక్కు విరుగు పెన్సిలు లేదు, ఎవరును చూచి నవ్వు పుస్తకమును లేదు.

మన దేశమున 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమమును, 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషనును ఆరంభమైనవి. అక్షరమాల క్రమమును విడిచి, బ్రతుకులోని మాటతో పాఠము మొదలిడి, దానినుండి అక్షరములు విడదీయు మూడు వాచకముల పద్ధతి ఈ మిషనుతో అన్ని భాషలకును వ్యాపించెను. కేరళములోని ఎర్నాకుళము జిల్లా 1990 ఫిబ్రవరి 4న సంపూర్ణ సాక్షర జిల్లాగా ప్రకటింపబడెను. ఆ ఉత్సాహము నెల్లూరునకు వచ్చెను. అచట 1991లో కళాజాతాలు ఊరూర తిరిగెను. సాయంకాలము లాంతరు చుట్టును స్త్రీలే హెచ్చుగా చేరిరి. వాచకములలో సీతమ్మ కథ యను పాఠ మొకటి కలదు. సారాయిచే చెడిన సంసారముల గోడు అందు కలదు. పాఠము చదువుట పూర్తియైనను మాటలు పూర్తికాలేదు. కూలి డబ్బు ఎక్కడికి పోవుచున్నదో చెప్పుటకు వారికి వాచకము అక్కరలేదు. నలుగురు కూర్చుండి పైకి అనుకొనుటకు మాత్రము ఆ పాఠము తోడ్పడెను. 1992లో దూబగుంట గ్రామ స్త్రీలు తమ ఊరి సారాయి దుకాణమును మూయించిరి. రోశమ్మగారి పేరు అప్పుడే రాష్ట్రమంతటను మారుమ్రోగెను. దూబగుంట వృత్తాంతము తిరిగి పాఠముగ అచ్చుపడి పొరుగూళ్ళకు పోయెను. సారాయి, దుకాణము, పాట, సంఘము అను మాటలను కూడబలుకుకొని చదివినవారు అవి ప్రక్క ఊరివారి కథలోనివని తెలిసి, తామును దుకాణముల ముందు కూర్చుండిరి. పాట యనగా ఇచట గానము కాదు, సారాయి వేలముపాట. అదే సంవత్సరము ఆ జిల్లాలో ఆ పాటలు సాగనీయక స్త్రీలు అడ్డుపడిరి.

వాచకమే సారాయిని ఓడించెననుట అతిశయోక్తి. ఉద్యమమునకు పెక్కు చేతులు సాయపడినవి. అయినను నూరు పిల్లల గేయములు నేర్పినను రాని ఫలము, తమ నోటి మాటను తామే అట్టముక్కపై చదువుకొనినప్పుడు వచ్చెనని నిస్సంశయముగ చెప్పవచ్చును. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలింపబడెను. 1991 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశమున చదువ వ్రాయ నేర్చిన స్త్రీలు నూటికి 32.72; 2001లో 50.43. ఇందు బడికి పోయి పెరిగిన ఆడుపిల్లల పాలు ఎక్కువ. లాంతరు వెలుగున కొమ్ము దిద్దుకొన్న తల్లుల పాలును కొంత కలదు.