టైమింగ్ గీత: పావగడకు అటూ ఇటూ సాగిన ఇంజిన్ విద్య

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు చాలావరకు ఆంధ్రదే పొలిమేర. ఊళ్లలో వినిపించేదీ ఎక్కువగా తెలుగే. మోటారు పరిశ్రమ చరిత్రలో ఈ తాలూకా పేరు కనిపించదు గానీ, ఆ చరిత్ర రెండు కొసలూ దీనికి అందుబాటులోనే ఉన్నాయి. దక్షిణాన బెంగళూరు ఆడుగోడిలో, 1951లో ఏర్పడిన మైకో కంపెనీ స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ పంపులు తయారుచేసింది. తూర్పున పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. వాటి ఇంజిన్లను నడిపించేది కంప్యూటర్. ఈ రెంటి నడుమ గడిచిన దాదాపు 70 ఏళ్లలో మెకానిక్‌కు టైమింగ్ పెట్టే పని తప్పిపోయిందని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే ఆ పని చేతులు మారిందే గాని, దాని అవసరం తీరలేదు.

పిస్టన్ పైకొసకు చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గులో నిప్పు పడాలన్న లెక్కే టైమింగ్. మంట అంటుకుని పీడనం పెరగడానికి కొంత వ్యవధి కావాలి కాబట్టి, స్పీడు పెరిగేకొద్దీ నిప్పు ఇంకా ముందుగా పడాలి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ఆ బాధ్యత డ్రైవరుదే. స్టీరింగ్ కింద లివర్‌ను జరుపుతూ నడపాలి. తర్వాతి కాలంలో డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు, వాక్యూమ్ డబ్బా ఆ పని అందుకున్నాయి. 2014 దాకా తయారైన అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజిన్‌కు మెకానిక్ ముందు డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్‌ను సుమారు 0.4 మిల్లీమీటర్లకు సరిచేసేవాడు. పుల్లీ మీది గీతను గుర్తుకు తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ క్లాంపు వదులుచేసి మెల్లగా తిప్పేవాడు. పాయింట్లకు కలిపిన చిన్న బల్బు వెలిగిందంటే పాయింట్లు విడిపడ్డట్టు. అక్కడే బోల్టు బిగించాలి. డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్గు లేకున్నా పద్ధతి ఇలాంటిదే: పంపు డెలివరీ వాల్వు తీసి, వంపు పైపు బిగించి, కారుతున్న డీజిల్ ఎక్కడ ఆగుతుందో చూసి ఫ్లైవీల్ గుర్తుతో పోల్చేవారు. రెండు చోట్లా ఇంజిన్ లోపల జరిగేదానికి బయట కంటికి ఆనే సాక్ష్యం ఉంది.

1979లో బాష్ మోట్రానిక్‌తో ఇంధనం, నిప్పు రెండూ ఒకే కంప్యూటర్ కిందికి వచ్చాయి. మన దేశంలో 1999 నాటి సుప్రీంకోర్టు ఆదేశాలతో మొదట ఢిల్లీ ప్రాంతంలో, 2020 ఏప్రిల్ నాటికి బీఎస్-6 రూపంలో దేశమంతటా పొగ నిబంధనలు బిగిశాయి; పాయింట్లు, కార్బురేటర్ వెళ్లిపోయాయి. కానీ కంప్యూటర్‌కు పిస్టన్ కనిపించదు. 60 పళ్లకు రెండు తగ్గించిన క్రాంకు చక్రం తిరుగుతుంటే, ఆ ఖాళీ సెన్సర్‌ను దాటిందని మాత్రమే దానికి తెలుస్తుంది. ఖాళీకీ పిస్టన్ పైకొసకూ మధ్య ఎన్ని డిగ్రీలో మనిషే చెప్పాలి. కంపెనీ కారుకు ఆ అంకె డిజైన్‌లోనే నిర్ణయమైపోతుంది. 2001లో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిపో రూపొందించిన మెగాస్క్విర్ట్ లాంటి విడి కంప్యూటర్‌ను బిగిస్తే, చెప్పాల్సింది బిగించినవాడే. అతను సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ను 10 డిగ్రీల దగ్గర కదలకుండా కట్టేసి, ఒకటో సిలిండర్ ప్లగ్గు వైరుకు టైమింగ్ లైటు తగిలిస్తాడు. పుల్లీ మీద 14 కనబడితే కంప్యూటర్‌కు ఇచ్చిన అంకెలో నాలుగు డిగ్రీల తప్పుందన్నమాట. దాన్ని సరిచేశాక రేస్ చేసి చూడాలి, గీత జరగకూడదు. 6,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు మిల్లీసెకనులో 36 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, సిగ్నల్ 50 మైక్రోసెకన్లు ఆలస్యమైనా 1.8 డిగ్రీలు తేడా వస్తుంది.

నాక్ సెన్సర్ ఉందిగా, అదే సర్దుకోదా అని అడగవచ్చు. అది ఇంజిన్‌లో నాకింగ్ చప్పుడు విన్నాకే టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది. నిప్పు ఆలస్యంగా పడుతుంటే దానికి వినిపించేదేమీ ఉండదు. ఈలోగా పవర్ తగ్గుతుంది, పెట్రోల్ వృథా అవుతుంది, ఎగ్జాస్ట్ కాలిపోతుంది. ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది: కంపెనీ కార్లలో తిప్పడానికి డిస్ట్రిబ్యూటరే లేదు, విడి కంప్యూటర్లు రేసుబండ్ల వాళ్లవి, తాలూకా మెకానిక్‌కు ఈ గొడవెందుకు? తిప్పేది లేదన్నది నిజమే. అయినా టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పి కూర్చుంటే వాల్వుల లెక్క చెడుతుంది. లోపలి రబ్బరు జారిన పుల్లీ అయితే దాని గీతే తప్పు చూపిస్తుంది. పైకొస ఎక్కడుందో స్వయంగా తేల్చుకోగలిగినవాడే ఇలాంటి లోపాన్ని పట్టుకుంటాడు. స్కానర్‌లో కనిపించేది కంప్యూటర్ ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే, ఇంజిన్‌లో జరిగినదానికి రుజువు కాదు.

1950లో కేంద్రం మొదలుపెట్టిన వృత్తి శిక్షణ పథకం కింద ఐటీఐలు నేటికీ మోటార్ మెకానిక్‌లను తయారుచేస్తున్నాయి. అక్కడ డిస్ట్రిబ్యూటర్‌ను పాత సామానుగా పక్కన పెట్టి స్కానర్ ఒక్కటే నేర్పితే, పావగడ లాంటి చోట కుర్రవాడికి దక్కేది భాగాలు మార్చే పని. లోపం కనిపెట్టే విద్య మాత్రం కంపెనీల దగ్గరే ఉండిపోతుంది. పైకొస వెతకడం, గీత సరిచూడటం, లైటుతో రుజువు చేసుకోవడం ముందు నేర్పి, స్కానర్‌ను ఆ తర్వాత చేతికివ్వాలి. పాయింట్ల అంబాసిడర్‌కూ విడి కంప్యూటర్ బిగించిన కారుకూ ఇవే పునాది.