వెలివేసిన బడి గెలిచిన ఆట

బాస్కెట్ బాల్ ఆటను 1891లో కనిపెట్టినది జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు. అల్లరి విద్యార్థులను చలికాలమున అదుపులో నుంచుటకు ఆయన పండ్ల బుట్టలను పది అడుగుల ఎత్తున తగిలించి ఆడించెను. పంతుళ్ల ఇక్కట్ల నుండి పుట్టిన ఈ ఆట చరిత్రలో ఒక ఘట్టమును మేము పాఠకుల ముందుంచుచున్నాము.

అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున నల్లజాతి పిల్లలను వేరుచేసి 1927లో క్రిస్పస్ ఆటక్స్ హైస్కూలు తెరచిరి. అచటి ఉపాధ్యాయులలో గొప్ప పట్టభద్రులు పలువురు. వర్ణభేదము వలన కళాశాలల తలుపులు మూసికొనగా, వారి విద్వత్తు ఆ బడిపిల్లల భాగ్యమైనది. అయినను 1942 వరకు ఆ బడికి రాష్ట్ర పోటీలలో ప్రవేశము లేదు. వ్యాయామశాల ఇరుకగుటచే పెద్ద ఆటలకు పరుల ఆవరణలే గతి.

1950లో గణితోపాధ్యాయుడు రే క్రో గారు జట్టు బాధ్యత వహించిరి. వారి శిక్షణలో ఆస్కార్ రాబర్ట్‌సన్ మొదలగువారు 1955లో 97–74తో రాష్ట్ర విజేతలైరి. కాని విజయోత్సవమును నగర కూడలిలో సాగనీయక నల్లవారి పేటకు మళ్లించిరి. మరుసటి ఏడు ఆ జట్టు ఒక్క ఓటమియు లేక మరల గెలిచినది.

కప్పు బడికి దక్కినది. గౌరవము మాత్రము ఆలస్యముగా వచ్చినది. పరాయి సీమలలో తెలుగు బడులను, పంతుళ్లను నిలుపుకొన పాటుపడిన మనకు ఈ కథ కొత్త కాదు. ఈ ఉగాదినాడు మన పిల్లల గురువులను తలచుకొందము.