ప్రోటాన్ చావు కోసం కాపలా

మా నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడి సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ కలిసే వినిపిస్తాయి. కర్ణాటకలోని కోలార్ బంగారు గనులదీ అదే తీరు. తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడే కూలీలు ఒకే బోనులో పాతాళానికి దిగేవారు. ప్రకృతి బలాలన్నిటికీ మూలం ఒకటేనా అన్న ప్రశ్నను ఇనుము పేర్చి పరీక్షించింది అక్కడే.

ప్రశ్న పాతదే. విద్యుత్తు, అయస్కాంతత్వం, కాంతి ఒకే కుదురువని 1865లో మాక్స్‌వెల్ చూపాడు. గురుత్వాకర్షణనూ అందులో కలపాలని ఐన్‌స్టీన్ 1955లో కన్నుమూసేదాకా పెనుగులాడాడు. కుదరలేదు. తర్వాతివారు గురుత్వాన్ని పక్కన పెట్టి మిగతా బలాలను కలపబోయారు. మన పొరుగు ఒడిశాలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త జోగేశ్ పతి, అబ్దుస్ సలాంతో కలిసి నడిచింది ఈ దారినే. ఇదే దారిలో 1974లో భౌతిక శాస్త్రవేత్తలు జార్జి, గ్లాషో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారమైతే ప్రోటాన్ కూడా చిరంజీవి కాదు. దాని ఆయుష్షు, 1 పక్కన ముప్ఫై, ముప్ఫై ఒక్క సున్నాలు పెట్టినన్ని ఏళ్లు!

అన్నేళ్లు ఎవరు కాచుకుంటారు? కాచుకోనక్కర్లేదు. అన్ని ప్రోటాన్లను ఒకచోట పోగేస్తే ఏడాదికి కొన్నయినా రాలాలి. ఈ ఉపాయం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరించేంత అందంగా తోస్తుంది. టాటా పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా శాస్త్రవేత్తలు 1980లో కోలార్ గనిలో భూమికి 2,300 మీటర్ల లోతున 140 టన్నుల యంత్రం నిలబెట్టారు. ప్రోటాన్ల పోగుగా ఇనుప రేకులు, వాటి మధ్య వరసలుగా చదరపు గొట్టాలు. ఒక్కో గొట్టంలో వాయువు, నడుమ సన్నని తీగ. ఏదైనా కణం దూసుకుపోతే తీగలో చిన్న విద్యుత్ స్పందన పుడుతుంది. ఆకాశం నుంచి కురిసే విశ్వకిరణాలకు పైనున్న బండే గొడుగు. అయినా ఆ గొడుగును దాటివచ్చే న్యూట్రినోలనే కణాలు ఉంటాయి. 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ పట్టిన తొలి చోట్లలో ఈ గనీ ఒకటి.

కొన్ని జాడలు ప్రోటాన్ మరణానివే కావచ్చని కోలార్ బృందం ప్రకటించింది. అమెరికా, జపాన్ గనుల్లోని పెద్ద నీటి తొట్లలో మాత్రం అలాంటివి దొరకలేదు. జార్జి, గ్లాషోల తొలి లెక్క వీగిపోయింది. ప్రోటాన్ ఆయుష్షు 1 పక్కన 34 సున్నాలకు మించే ఉంటుందని జపాన్‌లోని సూపర్ కమియొకాండె ప్రయోగం ఇప్పుడు చెబుతోంది. గురుత్వమైతే ఇంకా గూటికి చేరనే లేదు.

కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. జపాన్‌లో మరింత పెద్ద తొట్టి కడుతున్నారు, అదే ప్రోటాన్ కోసం.