ఆవేశం

సంస్కృతంలో ‘విశ్’ ధాతువుకు ప్రవేశించడమని అర్థం. ‘ఆ’ ఉపసర్గ చేరితే ఆవేశం, అంటే లోపలికి చొరబడటం. దేవతో దయ్యమో ఒంట్లో దూరడాన్నీ ఆవేశమనే అన్నారు. మన మాటలో పూనకం. పట్టరాని కోపానికీ ఆవేశమనే పేరొచ్చింది.

సైబర్ టవర్స్ ఉన్న హైదరాబాద్ మాదాపూర్‌లో ఇప్పుడీ పూనకం మెయిల్ రూపంలో వస్తుంది. క్లయింట్ కాల్‌లో మాట పడ్డ కుర్రాడికి దవడ బిగుసుకుంటుంది, చెవులు వేడెక్కుతాయి. ఘాటుగా జవాబు టైప్ చేసేస్తాడు. “ఆవేశపడకు తమ్మీ, డ్రాఫ్ట్‌లో పెట్టు. చాయ్ తాగొద్దాం పా” అంటాడు పక్క సీటాయన. చాయ్ అయ్యాక చదువుకుంటే సగం వాక్యాలు తీసేయాలనిపిస్తుంది. రోజుల తరబడి దిగని ఆవేశానికి చాయ్ చాలదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయాలి. ఉచితం, ఏ వేళైనా సరే, తెలుగులోనే మాట్లాడొచ్చు.