అయాన్ ఛానెళ్ళు, స్కోలిన్ మందు, కోయంబత్తూరు వైశ్యులు

నరాల కణాల్లోనూ కండర కణాల్లోనూ విద్యుత్తు పుట్టడానికి ఆధారం కణపు పొరలో పొదిగి ఉన్న ప్రోటీన్ ద్వారాలు. వీటినే అయాన్ ఛానెళ్ళు అంటారు. విద్యుదావేశం ఉన్న సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు పొరలోని కొవ్వును దాటలేవు. ఛానెల్ తెరుచుకుంటేనే వాటికి దారి. పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని స్క్విడ్ అనే సముద్రజీవి నరంతో మొదలుపెడతాయి. తెలుగువాళ్ళకు అంతకంటె దగ్గరి ఉదాహరణ కోయంబత్తూరులో ఉంది. ఆపరేషన్‌కు ముందు కండరాలను వదులు చేయడానికి ఇచ్చే ఒక ఇంజక్షన్ ప్రభావం మామూలుగా అయిదు పది నిమిషాల్లో తగ్గిపోతుంది. అక్కడి తెలుగు వైశ్యుల్లో కొందరికి గంటల తరబడి తగ్గదు.

విజయనగర, మధుర నాయకుల కాలం నుంచి దక్షిణానికి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాల వారసులు కోయంబత్తూరులో తరతరాలుగా ఉన్నారు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. ఊరికి పడమటి వైపున్న ఆర్.ఎస్. పురం పేరు రత్నసభాపతి మొదలియార్ మీదుగా వచ్చినదే అయినా, అక్కడి భాష్యకార్లు రోడ్డు పేరులో తెలుగు ‘లు’ ఇంకా వినిపిస్తుంది. అక్కడి నుంచి మరుదమలై దారి పట్టి వెళితే భారతియార్ విశ్వవిద్యాలయం వస్తుంది. ఇంజక్షన్ ప్రభావం తగ్గని ఈ లోపం వెనుక ఉన్న జన్యు మార్పును గుర్తించిన పరిశోధన అక్కడ జరిగింది.

విశ్రాంతిలో ఉన్న కండర కణం లోపలి వైపు, బయటితో పోలిస్తే సుమారు 90 మిల్లీవోల్టుల రుణావేశంతో ఉంటుంది. నరం కొసకు సంకేతం చేరగానే అక్కడి కాల్షియం ఛానెళ్ళు తెరుచుకుంటాయి. లోపలికి వచ్చిన కాల్షియం వల్ల ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం సన్నని సందులోకి విడుదలవుతుంది. ఎదుటి కండరపు పొరలో దీనికోసమే ఒక ఛానెల్ కాచుకుని ఉంటుంది. అయిదు ప్రోటీన్ ముక్కలు గుండ్రంగా చేరి మధ్యలో రంధ్రం ఏర్పడిన నిర్మాణం అది. రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులు వచ్చి అతుక్కోగానే అది తెరుచుకుంటుంది. ఒక్క మిల్లీసెకను పాటు తెరుచుకున్నా పది వేలకు పైగా సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి. ఒక్కొక్క ఛానెల్ గుండా పారే ఈ ప్రవాహాన్ని 1976లో కప్ప కండరం మీద మొదట కొలిచినవారు ఎర్విన్ నేయర్, బెర్ట్ సక్‌మన్. 1991 నోబెల్ బహుమతి వారికి వచ్చింది.

ఈ సోడియంతో పొర వోల్టేజీ మారగానే చుట్టుపక్కల ఉన్న మరో రకం సోడియం ఛానెళ్ళు తెరుచుకుని సంకేతాన్ని కండరమంతా పాకిస్తాయి. అప్పుడు కణంలోని నిల్వల నుంచి కాల్షియం బయటపడి కండరం ముడుచుకుంటుంది. వోల్టేజీకి స్పందించే ఈ ఛానెల్‌లో రెండు తలుపులున్నాయనుకోవచ్చు. మొదటిది తెరుచుకున్న వెంటనే లోపలి వైపు నుంచి రెండోది మూసుకుంటుంది. పొర మళ్ళీ రుణావేశానికి తిరిగి వస్తేగాని ఆ రెండో తలుపు తెరుచుకోదు, ఛానెల్ మరోసారి పనికి సిద్ధం కాదు. అంటే తెరుచుకోవడం ఎంత అవసరమో, సకాలంలో మూసుకోవడమూ అంతే అవసరం. ఎసిటైల్‌కోలిన్‌ను సందులోనే క్షణంలో తునకలు చేసే ఎంజైము అందుకే ఉంది.

సక్సినైల్‌కోలిన్ అంటే రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులను జోడించినట్టుండే మందు. మత్తు డాక్టర్లు దీన్ని స్కోలిన్ అంటారు. అది కూడా అదే ఛానెల్‌ను తెరుస్తుంది. అందుకే మొదట ఒళ్ళంతా సన్నగా అదురుతుంది. అయితే సందులోని ఎంజైము దీన్ని విరగ్గొట్టలేదు. పొర రుణావేశానికి తిరిగి రాదు, పక్కనున్న సోడియం ఛానెళ్ళ రెండో తలుపు మూసుకునే ఉండిపోతుంది, కండరం చచ్చుబడుతుంది. శ్వాసగొట్టం వేయడానికి డాక్టర్లకు కావలసింది ఈ కొన్ని నిమిషాలే. మందును విరగ్గొట్టేది కాలేయంలో తయారై రక్తంలో తిరిగే బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే మరో ఎంజైము. ఎక్కించిన మందులో చాలా భాగాన్ని అది కండరం దాకా చేరనివ్వదు కూడా.

ఆ ఎంజైము పనిచేయని వారికి మొత్తం మందు కండరాలకు చేరి అక్కడే ఉండిపోతుంది. దీన్ని స్కోలిన్ ఆప్నియా అంటారు. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ లోపం ఎక్కువని 1979లోనే ఒక అధ్యయనం వచ్చింది. 2006లో భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోహరన్, భూపతి, అమెరికాకు చెందిన ఒక్సానా లాక్‌రిడ్జ్ తదితరుల బృందం కారణాన్ని పట్టుకుంది: ఎంజైము గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ ఉంది. కోయంబత్తూరు వైశ్యుల్లో తల్లిదండ్రులిద్దరి నుంచీ ఈ లోపం పొందినవారు దాదాపు 24 మందిలో ఒకరు. యూరప్, అమెరికా జనాభాలో ఇది లక్షకొకరు.

ఇంత తేడాకు మూలం పెళ్ళిళ్ళ వరసలో ఉంది. వేల ఏళ్ళ కిందట చిన్న సమూహంగా మొదలై, బయటికి సంబంధాలు కలుపుకోకుండా పెరిగిన కులం ఇది. ఆరంభపు కొద్దిమందిలో ఎవరికో ఉన్న మార్పు పెద్దదైన సమూహంలోనూ నిలిచిపోయింది. మేనరికాల వల్ల అది ఇద్దరి నుంచీ ఒకే బిడ్డకు చేరే అవకాశం ఇంకా పెరుగుతుంది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్ పాల్గొన్న 2017 అధ్యయనం దక్షిణాసియాలో ఇలాంటి సమూహాలను వెతికినప్పుడు వైశ్యులనే ముఖ్య ఉదాహరణగా తీసుకుంది.

ఈ ఎంజైము లోపం రోగం కాదు. ఎంజైము లేనివారు మామూలుగానే బతుకుతారు. ఆపరేషన్ బల్ల ఎక్కితేనే సంగతి బయటపడుతుంది. ఊపిరి యంత్రం మీద ఉంచి, మందు దానంతట అది తగ్గేదాకా ఆగడమే చికిత్స. అంతసేపూ మత్తు కొనసాగించాలి. లేకపోతే మెలకువ వచ్చి కూడా వేలు కదపలేని నరకం రోగికి తప్పదు. రక్తపరీక్షతో ఈ లోపాన్ని ముందే పసిగట్టవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా అందిన అనుభవం ఉంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. అలాంటివారికి స్కోలిన్ బదులు రోకురోనియం వాడతారు. అది ఛానెల్‌ను తెరవదు, ఎసిటైల్‌కోలిన్ కూర్చునే చోటుకు అడ్డం పడుతుంది. దాన్ని వదిలించడానికి ఈ ఎంజైముతో పనిలేదు.