ఉప్పెరుకల బాట

ఒంగోలు విడిచి చీమకుర్తి మీదుగా పొదిలికిని, అటనుండి మార్కాపురమునకును పోవు త్రోవ నేటి బాటసారి కన్నులకు నల్లరాతి దిమ్మెలను మోయు లారీల త్రోవగానే తోచును. బంగారు రజను చల్లినట్లు మెరయు గెలాక్సీ గ్రానైటు వలన చీమకుర్తి పేరు ఖండాంతరములకు పాకినది. ఆ రాయి వెలికిరాక పూర్వము, వానకై ఆకాశమువంక చూచుచు బ్రతికిన ఈ మెట్టసీమకు సముద్రతీరముతో గల సంబంధమంతయు ఎద్దుల వీపులమీదను, గాడిదల వీపులమీదను నడచినదని, ఆ నడిపినవారిని చరిత్ర మిక్కిలి అన్యాయముగా మరచినదని, ఈ త్రోవను పోవుచు ఊరూర పెద్దలను పలుకరించిన మీదట నాకు దృఢపడినది.

చీమకుర్తి దాటిన పిమ్మట వేపచెట్టు నీడకు గొర్రెలను మళ్ళించుకొని కూర్చున్న వృద్ధు నొకనిని, "తాతా, ఈ బాట పాతదేనా?" యని అడిగితిని. "పాతదే నాయనా. ఉప్పెరుకలోళ్ళు గాడిదల మీద ఉప్పేసుకొని ఇట్టాగే వచ్చేవోళ్ళని మా తాత చెప్పేవోడు. ఉప్పు కొలిచి జొన్నలు కొలిపించుకొని పోయేవోళ్ళంట. వాళ్ళు రాని ఏడు ఊళ్ళో మిరపపండ్ల పచ్చడే పెట్టలేదంట" అని ఆయన చెప్పెను.

ఆ మాటలో ఒక కాలపు వర్తకమంతయు ఇమిడియున్నది. తూర్పున చినగంజాం, కనపర్తి మొదలగు తీరగ్రామముల ఉప్పుమళ్ళు. పడమట జొన్నయు, సజ్జయు, కందియు, ప్రత్తియు పండు చేలు. నడుమ బండ్లు సైతము సరిగా సాగని దారులు. ఈ ఎడమును పూడ్చినవారు ఇరువురు: 1791–92 నాటి మైసూరు యుద్ధమున కారన్‌వాలీసు సేనలకు ధాన్యము చేరవేసిన లంబాడీలు ఒకరు, చిన్న చిన్న బిడారులుగా కుటుంబములతో కదలి, పెద్ద వర్తకుడు తొంగిచూడని పల్లెలకు సైతము పోయిన ఎరుకలవారు మరియొకరు. 1909లో థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణదేశ కులముల గ్రంథములో దబ్బ ఎరుకలు, కరివేపాకు ఎరుకలు అనువారితోపాటు ఉప్పు ఎరుకలును కనబడుదురు; అనగా వారు మోసిన సరకే వారికి పేరైనది.

ఇట్టి వర్తకము వారి సోమరితనము వలన నశించినది కాదు. 1805లో కుంపిణీవారు మదరాసు రాజధానిలో ఉప్పును తమ గుత్తసొత్తుగా చేసికొనిరి. 1876–78 నాటి ధాత కరువున మనుష్యులతోపాటు పశువులును అసంఖ్యాకముగా చచ్చినవి. 1882 నాటి అటవీ చట్టము మిగిలిన పశువులకు బీళ్ళను మూసివేసినది. 1899 నాటికి బెజవాడ, మదరాసులను కలుపుచు ఒంగోలు మీదుగా రైలు నడువగా, గాడిద మోయు ఉప్పునకు విలువ లేకపోయెను. తరతరముల జీవనోపాధి ఊడిపోయిన వీరిని ఆదుకొనుటకు మారుగా, 1871లో ఉత్తరదేశమున పుట్టి 1911లో మదరాసునకును వ్యాపింపగలిగిన నేరజాతుల చట్టము వీరిని పుట్టుదొంగలుగా లెక్కించినది. ఊరినుండి ఊరికి నడచుటయే వృత్తిగా గలవానికి పోలీసువారి అనుమతి లేక ఊరు కదలుట నేరమయ్యెను! ఇంతకంటె క్రూరమైన శాసనమును నేనూహింపజాలను. 1913లో బాపట్ల చేరువ సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున, మదరాసు ప్రభుత్వపు ఉన్నతాధికారి హెరాల్డు స్టువర్టు పేరిట వెలసిన స్టువర్టుపురము ఆ శాసనపు సంతానమే. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను గాని, ఆ ఊరి పేరునకు అంటిన మచ్చ దానితో తొలగలేదు.

పొదిలిలో ఈతబుట్టలల్లుచున్న ఒక ఎరుకల ఇల్లాలితో ఈ సంగతి ప్రస్తావించితిని. "మావోళ్ళు ఉప్పమ్మినారని మాకెవరూ చెప్పలేదయ్యా. ఎరుకలోళ్ళమంటే చాలు, స్టువర్టుపురమా అని అడుగుతారు" అని ఆమె, అల్లుచున్న బుట్టను ప్రక్కకు పెట్టి, బడినుండి వచ్చిన కుమారుని పిలిచి, ఆ ఉప్పు సంగతి వానికిని చెప్పుమన్నది. గొర్రెలకాపరి చెప్పినదంతయు, మిరపపండ్ల పచ్చడి మాటతో సహా, వానికి చెప్పితిని.