గూడ్సు బండి వెనక్కి మళ్లాలంటే

హౌరా నుంచి చెన్నై వెళ్లే బండి విశాఖపట్నం స్టేషన్లోకి వచ్చాక, వచ్చిన వైపుకే తిరిగి బయలుదేరుతుంది. హౌరా లైను, విజయవాడ లైను రెండూ మర్రిపాలెం వైపు నుంచే స్టేషన్లోకి చేరతాయి కాబట్టి వేరే దారి లేదు. ఒకప్పుడు ఇది రెండు కంపెనీల సరిహద్దు కూడా. ఈస్ట్ కోస్ట్ రైల్వేలో వాల్తేరుకు దక్షిణ భాగం 1901లో మద్రాస్ రైల్వేకూ, ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకూ వెళ్లాయి. ఈ రెండోదాని ప్రధాన కార్యాలయం కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉండేది.

ప్రయాణికుల బండికి ఇది చిన్న ఆలస్యం. గూడ్సుకు అలా కాదు. 58 వాగన్ల ర్యాకు ఆరు వందల మీటర్లు దాటుతుంది. ఇంజిన్ విప్పి, పక్క లైనులో నడిపించి, రెండో కొసకు తగిలించాలి. గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌ను కూడా అటు కొస నుంచి ఇటు కొసకు మార్చాలి. ఇదంతా జరిగేంతసేపూ యార్డులో కనీసం రెండు లైన్లు ఇరుక్కుపోతాయి. ఆవిరి ఇంజినైతే ఇంకో పని ఉండేది. టెండరు ముందుండేలా నడిపితే డ్రైవరుకు ముందు దారి సరిగా కనపడదు కనుక, ఇంజిన్‌ను టర్న్‌టేబుల్ మీదో, త్రికోణాకారపు లైన్ల మీదో తిప్పేవారు. రెండు క్యాబ్‌ల విద్యుత్ ఇంజిన్లతో ఆ ఒక్క బాధ తప్పింది.

అసలు సమయం పట్టేది బ్రేకుల దగ్గర. ఇంజిన్ విప్పితే బ్రేక్ పైపు తెగుతుంది. మళ్లీ గాలి నింపి, ఇంజిన్ దగ్గర చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి వచ్చాక, అది చివరి వాగను దాకా అందుతోందో లేదో చూడాలి. బైలాడిలా ఇనుప ఖనిజం ఎత్తుకుని అనంతగిరి ఘాట్లు దిగే బండికి ఈ పరీక్ష ప్రాణాధారం. 1960ల్లో జపాన్ ఎగుమతుల కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ లైను సుమారు 1000 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ మీదుగా సాగుతుంది. 2003 దాకా దాని పాలన కూడా గార్డెన్ రీచ్ నుంచే, ఆగ్నేయ రైల్వే కింద నడిచింది.

ఈ ఖనిజం బండ్లు ఓడరేవు దాకా నేరుగానే వస్తాయి. వాగన్లు ఖాళీ అయ్యాకే ఇంజిన్ కొస మారుతుంది. ఇక హౌరా, విజయవాడ లైన్ల మధ్య నడిచే గూడ్సులకు సింహాచలం నార్త్, గోపాలపట్నంలను కలిపే బైపాస్ ఉంది. అవి విశాఖ స్టేషన్ ముఖం చూడవు. ఆ దారే పట్టిన కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు దువ్వాడలో మాత్రమే ఆగుతున్నాయి. ఇంజిన్ మార్పు సమయం రైల్వేకు కలిసొస్తుంది. విశాఖ ప్రయాణికుడు మాత్రం పెట్టెలు మోసుకుని దువ్వాడ వెళ్లాలి.